పదికి ఎంత, నాన్నా?

కళ్ల మీద తడి దూది పెట్టేశాక ఇక మిగిలినవి చెవులే. ఏసీ సన్నగా గురక పెడుతోంది. గాజు గిన్నె అంచుకి కుంచె తగిలిన చప్పుడు. రబ్బరు చెప్పులు నేలకి అతుక్కుని ఊడుతూ మంచం చుట్టూ తిరుగుతున్నాయి, అవి కూతురివి. ఇంకో జత గోడ దగ్గరికి వచ్చి ఆగిపోయింది, ఇక కదల్లేదు, అది డాక్టరమ్మది. తిరిగే చెప్పులతో పేచీ లేదు, కదలని చెప్పులంటేనే గుండెలో రాయి పడుతుంది. చిన్నప్పుడు స్కూలు తనిఖీకి వచ్చిన పెద్దమనిషి కూడా ఇలాగే వెనక గోడకి ఆనుకుని నిలబడేవాడు, పల్లెత్తు మాట అనేవాడు కాదు, పాఠం చెప్పే మాస్టారి గొంతు మాత్రం ఎండిపోయేది. ఇప్పుడు ఎండిపోతున్నది తన కూతురి గొంతు. "ముందు చల్లగా తగులుతుంది నాన్నా, తర్వాత చురుక్కుమంటుంది," అంది, అప్పజెప్పినట్టు. "నేను అడిగినప్పుడల్లా మంట పదికి ఎంతో చెప్పాలి. సున్నా అంటే ఏమీ లేదని. పది అంటే నావల్ల కాదు, ఆపెయ్యమని." చెప్తాలేమ్మా అన్నాడు. మంటకి మార్కులు! ఎనిమిదో క్లాసులో బడి మానేశాక మళ్లీ ఎవరూ అతన్ని పదికి ఎంతని అడగలేదు. అయినా ఇవాళ పరీక్ష అతనికి కాదు. ఈ ఒక్క మొహానికి పాత మచ్చలు తగ్గే మందు సవ్యంగా పూసి చూపిస్తే డాక్టరమ్మ తన చర్మం క్లినిక్కులో ఆ పిల్లకి ఉద్యోగం ఇచ్చి ఈ గది అప్పగిస్తుంది. తేడా వస్తే ఇంకెవరినైనా చూసుకుంటానని ముందే చెప్పేసింది. ఇప్పటికే రెండు చోట్ల వద్దనిపించుకుని వచ్చింది. ఒకచోట చెయ్యి వణుకుతోందన్నారు. ఇంకోచోట చెయ్యి చూడనే లేదు, మొహం చూసి, మా దగ్గరికి వచ్చేవాళ్లకి నిన్ను చూడగానే నమ్మకం కలగాలమ్మా అన్నారు. నమ్మకం మొహంలో ఉంటుందనుకునే లోకం ఇది, ఉమ్మెయ్యాలి దీని మీద.

నుదుటి మీద కుంచె పడింది. పొద్దున్నే షాపు షట్టరుకి చెయ్యి ఆనిస్తే తగిలే చల్లదనం. ఈ కణత నుంచి ఆ కణతకి ఒక్క ఊపున వెళ్లింది, ఎక్కడా తడబడలేదు, చెయ్యి బాగుందే అనుకున్నాడు, అనుకుని లోపల్లోపల నవ్వుకున్నాడు, కన్న కూతురే తన మొహానికి యాసిడ్ పూస్తుంటే చెయ్యి బాగుందని మురిసిపోయే తండ్రి ఎక్కడైనా ఉంటాడా, బయట ఎవడికైనా చెబితే పోలీసుల్ని పిలుస్తాడు. యాసిడ్ అనే మాట ఇక్కడ ఎవరూ అనరు, మందు అంటారు. ఇంట్లో అడిగితే మాత్రం చెప్పింది, చెరకులోంచి వచ్చే రకం నాన్నా, మీ షాపులో యాసిడ్ లాంటిది కాదు అని. యాసిడ్లలో మీదీ మాదీ ఏముంటుందమ్మా, అన్నీ ఒక తల్లి బిడ్డలే అన్నాడు. మీసం మొలవక ముందు నుంచీ అతనికి బ్యాటరీ షాపే లోకం. సీసం పలకలు, డిస్టిల్డ్ వాటరు, చొక్కాల నిండా చిల్లులు. ఆ చొక్కా ఉతికి ఆరేస్తే ఎండ దానిలోంచి చుక్కలు చుక్కలుగా పడుతుందంటుంది భార్య. ఈ పిల్ల చిన్నప్పుడు క్యారేజీ పట్టుకుని షాపుకి వస్తే గుమ్మం దగ్గరే ఆపేసేవాడు, బయట సుద్దముక్కతో గీత గీసి, ఇది దాటావంటే కాళ్లు విరగ్గొడతా, లోపల యాసిడ్ ఉంది అనేవాడు. బొటనవేళ్లు సరిగ్గా గీతకి ఆనించి నిలబడేది, గింజంత కూడా దాటేది కాదు, చెయ్యి మాత్రం బారుగా చాచి క్యారేజీ అందించేది. ఇప్పుడు ఆ చెయ్యే ఇది.

"నాన్నా, పదికి ఎంత?"

"ఒకటి."

నిజమే కాబట్టి గొంతు హాయిగా వచ్చింది. చిన్న ఫ్యాను ఒకటి మొహం మీదికి తిప్పింది. చేతిలో మెత్తటి రబ్బరు బంతి పెట్టి, మంటగా ఉంటే పిసకమంది. నేనేమన్నా పసిపిల్లాణ్నా అనబోయి, గోడ దగ్గరి చెప్పులు గుర్తొచ్చి ఊరుకున్నాడు. కుంచె ఎడమ బుగ్గ మీదికి దిగింది. ఇక్కడ దాని పని కష్టం, ఇది బుగ్గ కాదు, వానలకి కొట్టుకుపోయిన రోడ్డు. కుర్రతనంలో లేచిన మొటిమలు పోతూ పోతూ ఒక్కోటి ఒక్కో గుంట తవ్వి పోయాయి. షాపు వీధిలో అతన్ని గతుకులాయన అంటారు, వెనకాల కాదు, ఎదురుగానే, ఏం గతుకులన్నా టీ తాగుతావా అని. మోటార్లకి తీగ చుట్టే పక్క షాపాయనైతే ఇంకా ముందుకెళ్లి, వానొస్తే నీ మొహంలో నీళ్లు నిలుస్తాయా అంటాడు. తనూ నవ్వుతాడు. ముందు తనే తన మొహాన్ని వెక్కిరించుకుంటే ఇంకొకడికి మిగలదు కదా. భార్య ఒక్కతే ఆ మొహం మీద కొత్త మాట అంది. అప్పట్లో వీధి చివర టైలరు దగ్గర కాజాలు కుట్టేది. తను ధైర్యం చేసి, నా మొహం చూస్తున్నావుగా, బాగా ఆలోచించుకో అంటే, చాలాసేపు చూసి, చెవులు బాగున్నాయి అంది. అంతే, ఇద్దరూ ఆ రెండు చెవుల మీద ఇల్లు కట్టుకున్నారు. తర్వాత పుట్టిన పిల్ల మొహం నున్నగా, తమలపాకులా ఉంటే గట్టిగా చూడటానికి కూడా భయపడ్డాడు. దాని పదమూడో ఏట నుదుటి మీద మొదటి మొటిమ లేచినప్పుడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేకపోయాడు. మందుల షాపులో ఆయింట్మెంటు ట్యూబు కొని, అద్దం దగ్గర పెట్టి, ఏమీ ఎరగనట్టు బయటికి వెళ్లిపోయాడు. అదీ అడగలేదు ఎవరు పెట్టారని. ట్యూబు అయిపోయినప్పుడల్లా అద్దం దగ్గర కొత్తది ఉండేది, అంతే. ఆ ఇంట్లో మాటలన్నీ అలాగే జరిగేవి.

మొహం ఇస్తానని తనే అన్నాడు. ఆ పిల్ల ముందు స్నేహితురాళ్లందరినీ బతిమాలింది, చెయ్యి కావాలంటే ఇస్తాం గానీ మొహం ఇవ్వం అన్నారట. భోజనాల దగ్గర అది చెప్పి కళ్లు తుడుచుకుంటుంటే, "నా మొహం ఉందిగా," అన్నాడు. భార్య పడీ పడీ నవ్వింది. "భేషుగ్గా ఇవ్వు. దానికి కొత్తగా పాడయ్యేదేముంది?" ఆ రోజు నుంచి కూతురు రోజూ పడుకోబోయే ముందు కుర్చీలో కూర్చోబెట్టి క్రీము రాసేది, చర్మం ముందే అలవాటు పడాలట. మొదటి రోజు ఆ వేళ్లు తగలగానే ఒళ్లు బిగుసుకుపోయింది. మొహాన్ని ఎవరైనా తాకి ఎంత కాలమైంది? అమ్మ తాకి ఉంటుంది, స్నానం చేయించేటప్పుడు. మంగలి తాకుతాడు గానీ గొణుక్కుంటూ తాకుతాడు, గుంటల్లో కత్తి తిరగదని. ఈ పిల్ల వేళ్లు ఒక్కో గుంట దగ్గరా ఆగి, అందులో క్రీము నింపి, అంచు సవరించి, తర్వాతి దానికి పోయేవి. ఏ ఒక్కదాన్నీ వదిలేయలేదు, ఏ ఒక్కదాన్నీ చూసి జంకలేదు. రాస్తూ రాస్తూ పాఠం అప్పజెప్పేది, తర్వాత గోకకూడదు, పొట్టు లేస్తే లాగకూడదు, వేడినీళ్లు పోసుకోకూడదు, ఎండలోకి పోకూడదు, దురద పుడితే చల్లటి తడిగుడ్డ అద్దాలి గానీ రుద్దకూడదు, చర్మం బిగదీసినట్టుంటే ఆయింట్మెంటు పలచగా... వంటింట్లోంచి భార్య, "ఉడకబెట్టిన బంగాళాదుంపకి చెప్తున్నట్టుందే అమ్మాయ్," అనేది. ముగ్గురూ నవ్వేవాళ్లు. క్రీము ఉండగా నవ్వకు నాన్నా, మడతలు పడతాయి అని కోప్పడేది. మంచి రోజులు. మంచి రోజులు ఇంత చవగ్గా, ఇంత ఆలస్యంగా వస్తాయని ఎవరూ చెప్పరు; ఇందాక బయట గోడ నిండా పళ్లికిలిస్తున్న ఆ బొమ్మల్లోని నున్నటి మొహాలకి పుట్టినప్పటి నుంచీ మంచి రోజులే కాబోలు.

"ఇప్పుడు ఎంత నాన్నా?"

బుగ్గ చురచురమంటోంది. ఎర్రచీమల బారు ఒకటి చెవి దగ్గర మొదలై ముక్కు దాకా దారి వేసుకుంది. నాలుగు అనాలి. నాలుగు అని నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"ఒకటిన్నర," అన్నాడు.

ఎందుకన్నాడో తనకే తెలియదు. నోరు దానంతటది అనేసింది, ఇన్నేళ్లుగా దానికి అదే పని. ఒకసారి షాపులో ఎత్తుతుంటే బ్యాటరీ పగిలి యాసిడ్ తొడ మీద పడింది. నీళ్లు గుమ్మరించుకుని, ప్యాంటు మార్చుకుని, సాయంత్రం దాకా పని చేశాడు. ఓనరు అందరి ముందూ భుజం తట్టి, "చూశారా, వీడు మనిషి కాదురా, రాయి," అన్నాడు. జీతం పెంచలేదు, ఆస్పత్రికి పంపలేదు, రాయి అన్నాడు. ఆ మాటకే పొంగిపోయాడు పిచ్చివాడు. ఇంటికి వెళ్లి భార్యకి గాయం చూపించలేదు, మాట చూపించాడు. తర్వాత తొడ చీము పట్టి, వారాల తరబడి ఇంట్లో పడి ఉంటే రాయిగారు ఎలా ఉన్నారని అడిగినవాడు లేడు. అయినా ఆ మాటని మెళ్లో పతకంలా వేసుకుని తిరిగాడు, ఇప్పటికీ తీయలేదు. తీస్తే మెడ బోసిగా ఉంటుందని భయం.

కుంచె గడ్డం మీదికి వచ్చింది, దవడ కిందికి జారింది. అబ్బ. ఇది చీమలు కాదు. ఎవరో కాలిన రేకు తెచ్చి ఆనించి, తీయడం మర్చిపోయారు. ఎందుకో అర్థమైంది, అర్థమయ్యాక మంట రెట్టింపైంది. పొద్దున గడ్డం గీసుకున్నాడు. గీసుకోవద్దని వారం కిందటే చెప్పింది, నిన్న చెప్పింది, ఇందాక మెడ చుట్టూ గుడ్డ కప్పుతూ కూడా అడిగింది, గీయలేదుగా నాన్నా అని. లేదమ్మా అన్నాడు. పలచటి గడ్డం, గీసినా గీయకపోయినా ఒకేలా ఉంటుంది, దీపం కింద కూడా కనిపెట్టలేకపోయింది. గీసుకోకుండా ఎలా వస్తాడు? కూతురు పని చెయ్యబోయే చోటికి మొదటిసారి వస్తూ, మాసిన గడ్డంతో, అంత పెద్ద అద్దాల తలుపు తోసుకుని? కౌంటరు దగ్గరి అమ్మాయిలు ఒకళ్లనొకళ్లు చూసుకోరూ, ఈయనా వాళ్ల నాన్న అని? మొహం ఎలాగూ గతుకులే, కనీసం శుభ్రంగానైనా ఉండొద్దా? చొక్కా కూడా చిల్లుల్లేనిది ఏరి ఏరి వేసుకున్నాడు. పాత బ్లేడు, ఎంత నిదానంగా గీసినా దవడ కింద రెండు చోట్ల గీరుకుంది. ఇప్పుడు ఆ రెండు చోట్లా మందు లోపలికి దిగి మకాం పెట్టింది.

"గడ్డం దగ్గర?"

ఏడు. ఏడున్నర. బంతి గుప్పిట్లో నలిగి అట్టముక్కైపోయింది.

"రెండు," అన్నాడు.

గోడ దగ్గరి చెప్పులు మొదటిసారి కదిలాయి. "రెండేనా?" డాక్టరమ్మ గొంతు. "చర్మం మందం లాగుంది. ఇంకాసేపు ఉంచు, గుంటల్లోకి బాగా పట్టాలి."

"సరే మేడం."

ఇంకాసేపు. ఓరి దేవుడో. తను రెండు అన్నాడు కాబట్టే ఇంకాసేపు. అంటే ఈ గదిలో వీళ్లిద్దరూ తన నోట్లోంచి ఊడిపడే అంకెని పట్టుకుని నడుస్తున్నారు. షాపులో తనూ అంతే కదా, మీటరు ముల్లు చూసి చార్జింగు ఆపుతాడు. ముల్లు అబద్ధం చెబితే బ్యాటరీ ఉడికి పగులుతుంది, అప్పుడు ముల్లుని ఎవరూ తిట్టరు, పక్కన నిలబడ్డవాణ్ని తిడతారు. రేపు ఇక్కడ తెల్లగా మచ్చ కడితే డాక్టరమ్మ తననేమీ అనదు, అమ్మాయ్, నీకు చూసుకోవడం రాదు అంటుంది. మూడో చోటు కూడా పోతుంది. మరి చెప్పేస్తే? గీసుకున్న సంగతి బయటపడుతుంది, సొంత తండ్రిచేత కూడా నిజం చెప్పించుకోలేవా అంటుంది, అదీ ఆ పిల్లనే. ఎటు తిరిగినా దెబ్బ దాని మీదికే. భరిస్తే పోలా, తొడ మీదదే భరించాడు, ఇదెంత, ఇంకాసేపే అంటున్నారు, ఇంకాసేపంటే ఎంత, ఫ్యాను తిరుగుతోంది గానీ ఆ గాలి గడ్డం దాకా రావడం లేదు, గాలి కూడా నున్నటి చోట్లకే పోతుంది కాబోలు. రేకు ఇప్పుడు దవడ ఎముకని వెతుక్కుంటోంది.

రబ్బరు చెప్పులు తల దగ్గరికి వచ్చాయి. ఆ పాదాలు. ఒక ఏడాది ఆ పాదాలకి స్కూలు బూట్లు బిగుతైపోయాయి. అది చెప్పలేదు. ఒక ఆదివారం కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే తనే చూశాడు, బొటనవేళ్ల గోళ్లు రెండూ నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఏమైందే ఇది అంటే, ఏం కాలేదు నాన్నా అంది. గొంతు దానిదే, మాట తనది. సైకిలు మీంచి పడ్డా, తలుపు సందులో వేలు నలిగినా, లే లే, ఏం కాలేదు, ఏం కాలేదు అని దుమ్ము దులిపింది తనే. చీమ కుడితే ఊరంతా లేచేలా ఏడ్చే పిల్లని మెల్లగా, ముద్దుగా, బుజ్జగిస్తూ బుజ్జగిస్తూ రాయిని చేసింది తనే. ఆ సాయంత్రమే కొత్త బూట్లు కొన్నాడు. బూట్ల కొట్లో నేల మీద కూర్చుని, వేళ్లు ఆడించు, ఏదీ ఇంకోసారి ఆడించు అంటూ పైనుంచి తడిమి చూశాడు. నొప్పిగా ఉందా అని మాత్రం అడగలేదు. ఎలా అడగాలో తెలిస్తే కదా. ఆ ఇంట్లో పుట్టి, ఆ నోళ్ల మధ్య పెరిగి, ఈ పిల్ల ఎక్కడ నేర్చుకుందో మరి, ముక్కూమొహం తెలియనివాళ్ల తల దగ్గర నిలబడి, నీకు ఎంత మంటగా ఉందని అడిగే పని నేర్చుకుంది. అడిగి, వాళ్లు ఏది చెబితే అది నమ్మే పని. తన చిన్నప్పటి నుంచీ ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి, ఆ మాట అడిగి ఉంటే.

"నాన్నా." ఈసారి అప్పజెప్పే గొంతు కాదు, క్రీము రాసేటప్పటి గొంతు. చెవి దగ్గరికి వంగి అడుగుతోంది. "నిజంగా ఎంత?"

"ఎనిమిది," అన్నాడు.

నోరు మళ్లీ దానంతటది మూసుకోబోయింది. మూసుకోనివ్వలేదు. "ఎనిమిది అమ్మలూ. దవడ కింద తొమ్మిది. పొద్దున గీసుకున్నా. నీతో అబద్ధం చెప్పా."

చెప్పులు పరిగెత్తాయి. గిన్నె, నీళ్లు, ఇంకేదో కింద పడిన చప్పుడు. "ఒక్క క్షణం ఎక్కువవుతుంది, పది దాకా పోతుంది, వెంటనే దిగుతుంది, నేనిక్కడే ఉన్నా," అంటూనే తడిగుడ్డ దవడ మీద వేసింది. నిజంగానే పది దాకా పోయింది. చెవి కింద బుసబుసమని నురగ. ఆ చప్పుడు అతనికి తెలుసు, షాపు నేల మీద ఒలికిన యాసిడ్ మీద సోడా చల్లినప్పుడు వచ్చేది. ఎన్ని వందల సార్లు చల్లాడో. ఆ నేల ఎంత హాయి పడి ఉంటుందో మాత్రం ఇవాళే తెలిసింది. గుడ్డ తీసి ఇంకో గుడ్డ, అది తీసి ఇంకోటి, ఒకదాన్ని మించి ఒకటి చల్లగా, గడ్డం, బుగ్గలు, నుదురు, ఒక్కో చోటా మంటని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్తున్నట్టుంది.

కదలని చెప్పులు కదిలి వచ్చాయి. ఊపిరి తగిలేంత దగ్గరికి వంగి చూసింది డాక్టరమ్మ. ఒక వేలు దవడ కింద మెల్లగా నొక్కి వదిలింది.

"ఎర్రబడింది, అంతే. తెల్లబడలేదు. ఇంకొంచెం ఉంచుంటే మచ్చ పడేది." ఆ గొంతు కూతురి వైపు తిరిగింది. "గీసుకున్నారా అని అడిగి వదిలేస్తే ఎలా అమ్మాయ్? మగవాళ్లు పరువు కోసం చస్తారు. వచ్చేసారి దవడ మీద వేలితో కింది నుంచి పైకి తడిమి చూడు, గరుకు తెలుస్తుంది." తర్వాత అతనితో, "మీరు కూడా ఏం మనిషండీ బాబూ! రెండట, రెండు!" తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

వచ్చేసారి, అంది. వచ్చేసారి అంటే ఇంకో రోజు, ఇంకో మొహం, ఇదే గది. కూతురికీ ఆ మాట అందినట్టుంది, గుడ్డ పిండుతున్న చప్పుడు సగంలో ఆగిపోయింది.

"విన్నావా?" అన్నాడు.

"నువ్వు మాట్లాడకు. ఇంటికి పద, నీ సంగతి అమ్మతో చెప్తా." ముక్కు ఎగబీల్చింది. "ఇప్పుడు ఎంత?"

"మూడు. ఎడమవైపు రెండు."

"ఒట్టు?"

"ఒట్టు."

దిగిపోతోంది. వారం పది రోజులు పొట్టు రాలుతుంది, పక్క షాపాయన ఏదో ఒకటి కూస్తాడు, రోడ్డుకి సున్నం కొట్టించావా అంటాడు, అననీ. దురద పుడుతుంది, చెయ్యి దానంతటది లేస్తుంది, లేస్తే అద్దాలి, రుద్దకూడదు. గుంటలు ఎక్కడికీ పోవు, ఒక్కసారికి ఏమీ పోవని అదే చెప్పింది, పోకపోయినా ఫర్వాలేదు, వాటిని ఒక్కోదాన్నీ పలకరించిన వేళ్లున్నాయి ఇప్పుడు. అలా అనుకుంటుండగా దూది కింద ఏదో వెచ్చగా కదిలింది. కంటి కొసన నిలబడింది, నిండింది, కణత వైపు జారింది. రాయి కళ్లనీళ్లు పెట్టుకోవడం తనకే తెలియలేదు ముందు.

"కంట్లోకి మందు పోయిందా? నాన్నా! కన్ను మండుతోందా?" చేతులు కంగారుగా మొహం మీదికి వచ్చాయి.

ఏం కాలేదు అంటే చాలు. నీళ్లు కారాయి అంటే చాలు, ఫ్యాను గాలికి అంటే చాలు, అన్నీ నోట్లో సిద్ధంగానే ఉన్నాయి.

"మందు కాదమ్మలూ," అన్నాడు. "ఏడుస్తున్నా."

ఎందుకని అది అడగలేదు. ఊరుకో అని కూడా అనలేదు. తడి దూది తీసేసి, పొడి దూది మెత్తగా మడిచి కంటి కొసన ఆనించింది.

"ఉప్పు కదా, ఈ చర్మం మీద పడితే మండుతుంది," అంది. "ఏడువు నాన్నా. కిందికి జారకుండా నేను అద్దుతుంటా."